ఒక్కరోజు యాత్ర: తుళ్లూరు నుంచి గుణదల మాత కొండకు

ఫిబ్రవరి వచ్చిందంటే మా గుంటూరు పల్లెల్లో ఆడవాళ్లకు ఊపిరి సలపదు. ఒకపక్క మిరప కోతలు, ఇంకోపక్క పత్తి ఆఖరి తీతలు. కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటు ఊళ్లోకి కొడుతూంటే తుమ్ములతోనే తెల్లవారుతుంది. అలాంటి రోజుల్లో ఒక పూట కూలి మానుకోవడమంటే మాటలా? అయినా సరే, ఆ నెలలో ఒక్కరోజు మాత్రం మా తుళ్లూరు ఆడవాళ్లు చాలామంది పని మానుకుంటారు. ఆ రోజు గుణదల మాత తిరునాళ్లు!

మీలో చాలామంది గుణదల పేరు వినే ఉంటారు. విజయవాడ మీదుగా రైల్లో వెళుతూ కొండ మీద సిలువను చూసి దణ్ణం పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. కానీ ఒక రోజంతా అక్కడ గడిపారా? పొద్దున్నే వెళ్లి, కొండ కింద గుడి దగ్గర మొదలుపెట్టి, మాత గుహ చూసుకుని, సిలువ మార్గం వెంట నడిచి, చీకటి పడేవేళకు ఇల్లు చేరారా? అలా వెళ్లకపోయి ఉంటే ఈసారి వెళ్లి రండి. ఎలా వెళ్లాలో, ఏం తీసుకెళ్లాలో చెబుతాను. దాంతోపాటు మా పిన్ని సంగతి కూడా చెప్పాలి. అసలు ఈ వ్యాసం రాస్తున్నదే అందుకు.

పిన్ని అంటే సొంత పిన్ని కాదు, మా ఎదురింటావిడ. క్రైస్తవులు. మాది పూజగది ఉన్న ఇల్లు. అయినా మా పిల్లల పుట్టువెంట్రుకల దగ్గర్నుంచి వాళ్ల క్రిస్మస్ అరిసెల దాకా రెండిళ్లకీ తేడా తెలియదు. ఆవిడ మిరప కోతల ముఠాకు పెద్ద. 2015లో రాజధాని కోసం మా ఊరి పొలాలు ఇచ్చేశాక ఊళ్లో కూలిపని బాగా తగ్గిపోయింది. అప్పట్నుంచీ తెల్లవారుజామునే ఆటో ఎక్కి, పది పన్నెండుమందిని వెంటేసుకుని వేరే ఊళ్ల చేలకు కోతలకు వెళుతుంది. యాభై దాటినా మనిషి చలాకీ. "ఏం అమ్మాయ్, ఇంకా లేవలా?" అని ఆవిడ గొంతు వినిపిస్తేనే మా వీధికి తెల్లవారినట్టు.

కరకట్ట మీదుగా...

2023 ఫిబ్రవరి 11, శనివారం. పన్నెండుమందిమి కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నాం. అందులో క్రైస్తవులు ఏడుగురు, మిగతావాళ్లం మాలాంటివాళ్లం. ఎవరి మొక్కు వాళ్లది. ఒకామెకు కూతురి కాన్పు సుఖంగా జరిగింది, కొబ్బరికాయ కొట్టాలి. ఇంకొకామె కొడుకు తాగుడు మానాలి. ఒక ముసలమ్మకు ఏ మొక్కూ లేదు. "ఊరికే, ఒకసారి చూసొద్దామని" అంది. నాకు ఆవిడ మాటే బాగా నచ్చింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. రాయపూడి, ఉద్దండరాయునిపాలెం దాటి కృష్ణ కరకట్ట ఎక్కితే ఇక దారంతా ఏటి పక్కనే. వెంకటపాలెంలో తిరుమల తిరుపతి దేవస్థానం కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి, ఆపైన కూరగాయల తోటలు, ఉండవల్లి దగ్గర పూలతోటలు, ఆ ఊరి కొండను తొలిచి చేసిన గుహాలయాలు. సీతానగరం చేరేసరికి తూరుపు ఎర్రబడింది.

అక్కడ్నుంచి ప్రకాశం బ్యారేజి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో దీన్ని కట్టారు. డెబ్భై గేట్లు, కిలోమీటరుకు పైగా పొడవు. ఎడమవైపు చూస్తే నిండు కృష్ణ, దాని మధ్యన పచ్చగా భవానీ ద్వీపం. ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ గుడి. వ్యానులో అందరి చేతులూ వాటంతటవే లేచాయి. పిన్ని కూడా నొసటికి చెయ్యి ఆనించుకుని, "అమ్మను దాటి పోతన్నాం, పలకరించకుండా ఎట్టా పోతాం?" అంది. బెజవాడలో ఒక చివర దుర్గమ్మ కొండ, ఇంకో చివర మేరీమాత కొండ. మా పల్లెల ఆడవాళ్లకు రెండూ అమ్మ కొండలే!

కట్టెలకు వెళ్లిన పిల్ల

గుణదల కథ తెలుసుకోవాలంటే ముందు ఫ్రాన్సు దేశం దాకా వెళ్లాలి. అక్కడ కొండల మధ్య లూర్దు అని ఒక ఊరుంది. 1858లో ఆ ఊళ్లో బెర్నదెత్ అని పద్నాలుగేళ్ల పిల్ల ఉండేది. తండ్రి పిండిమర నడిపి చితికిపోయాడు. ఉండడానికి ఇల్లు లేక, ఒకప్పుడు జైలుగా వాడిన ఒక్క గదిలో ఆ కుటుంబమంతా తలదాచుకుంది. పిల్లకు ఉబ్బసం. ఫిబ్రవరి 11న పొయ్యిలోకి కట్టెలు లేవని చెల్లెల్నీ ఇంకొక స్నేహితురాల్నీ తీసుకుని ఏటి ఒడ్డుకు వెళ్లింది. ఆ ఒడ్డున ఉన్న కొండ గుహలో ఆ పిల్లకు తెల్లని బట్టల్లో ఒక స్త్రీ కనిపించిందట. అలా జూలై దాకా పద్ధెనిమిదిసార్లు కనిపించింది. ఆమె మేరీమాతేనని క్యాథలిక్కుల విశ్వాసం.

ఈ కథ వ్యానులో చెబుతూంటే మా ముఠాలో ఒకమ్మాయి, "కట్టెలకు పోయిన పిల్లకా కనపడింది? మేమూ రోజూ పత్తికట్టె మోస్తన్నాంగా!" అని నవ్వింది. నవ్వినా ఆ మాటలో నిజముంది. మాత కనిపించింది మహారాణికి కాదు, చదువుకున్నవాళ్లకీ కాదు. పొయ్యి రాజేసుకోవడానికి పుల్లలేరుకునే పేదపిల్లకు. మన పల్లెల్లో ఇంతమంది ఆడవాళ్లు గుణదల మాతను తమ మనిషి అనుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక మన గుణదలకు వద్దాం. 1924లో ఇక్కడి సెయింట్ జోసెఫ్ అనాథ శరణాలయానికి ఫాదర్ ఆర్లాటి అని ఇటలీ దేశపు గురువు పెద్దగా ఉండేవారు. అక్కడి కొండకు సహజంగా ఏర్పడిన గుహ ఉంటే, లూర్దులో లాగా అందులో మేరీమాత విగ్రహం పెట్టించారు. అనాథ పిల్లలున్న చోట అమ్మను నిలబెట్టారన్నమాట! 1933లో కొండ శిఖరాన పద్ధెనిమిది అడుగుల ఇనుప సిలువ నిలిపారు. కొండ కింద ఇప్పుడున్న పెద్ద దేవాలయాన్ని 1971లో ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మూడు రోజులు తిరునాళ్లు జరుగుతుంది. లూర్దులో బెర్నదెత్‌కు మాత మొదటిసారి కనిపించిన రోజు కాబట్టి పదకొండో తేదీ అసలు పండుగ.

కొండ ఎక్కుతూ...

తిరునాళ్ల రోజు గుణదల రూపమే వేరు. ఏలూరు రోడ్డు మీద నుంచే జనం. కొవ్వొత్తులు, జపమాలలు, కొబ్బరికాయలు, గాజులు, బొమ్మలు, పిల్లల బూరలు, వేడివేడి బజ్జీలు, ఖర్జూరాలు... మన ఊరి జాతర ఎలా ఉంటుందో అలాగే! లోపలికి వెళితే ఒక పక్క మైకులో ప్రార్థనలు, ఇంకో పక్క తలనీలాలు ఇచ్చేవాళ్ల వరస. చర్చి దగ్గర తలనీలాలేమిటి, కొబ్బరికాయలేమిటి అని ఆశ్చర్యపోతున్నారా? మన అమ్మలు, అమ్మమ్మలు ఏ దేవుడి దగ్గరికి వెళ్లినా తమకు తెలిసిన పద్ధతిలోనే మొక్కుకున్నారు. ఆ పద్ధతిని ఈ కొండ కూడా కాదనలేదు. బొట్టు పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోనివాళ్లు, తలమీద ముసుగు వేసుకున్నవాళ్లు అందరూ ఒకే మెట్ల మీద కనిపిస్తారు.

ముందుగా కింద దేవాలయంలో దివ్యబలిపూజకు కూర్చున్నాం. పద్ధతులు తెలియనివాళ్లం వెనక బెంచీల్లో కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చున్నాం. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు. దివ్యసత్ప్రసాదం మాత్రం క్యాథలిక్కులే తీసుకుంటారు. మనం ఆ వరసలో నిలబడకుండా ఉంటే మర్యాద. ఇది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

తర్వాత మెట్లెక్కి గుహ దగ్గరికి. నీలం నడికట్టుతో, చేతులు జోడించి మాత నిలబడి ఉంటుంది. ముందు కొవ్వొత్తులు కరిగి కరిగి ప్రవహిస్తూంటాయి. ఆ వేడికి, ఆ వెలుగుకు అందరి మొహాలూ ఎర్రబడతాయి. కూతురి కాన్పు మొక్కు తీర్చుకోవడానికి వచ్చినావిడ కొబ్బరికాయ కొట్టింది. కొడుకు తాగుడు మానాలన్నావిడ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. పిన్ని ఒకటి కాదు, మూడు కొవ్వొత్తులు వెలిగించింది. "ఎవరెవరికి పిన్నీ?" అని అడిగితే పలకలేదు.

గుహ దాటి పైకి వెళితే సిలువ మార్గం. క్రీస్తుకు మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధి చేసేదాకా పద్నాలుగు ఘట్టాలు దారి పొడవునా ఉంటాయి. ఒక్కో ఘట్టం దగ్గరా ఆగి ప్రార్థించుకుంటూ నడుస్తారు. నాలుగో ఘట్టంలో సిలువ మోస్తున్న కొడుక్కి తల్లి ఎదురుపడుతుంది. అక్కడికి వచ్చేసరికి పిన్ని ఆగిపోయింది. "కాళ్లు లాగుతన్నయ్" అని పక్కనే బండ మీద కూలబడింది. రోజుకు పది గంటలు వంగి మిరపకాయలు కోసే మనిషికి ఇంత కొండకే కాళ్లు లాగుతాయా? మిగతావాళ్లను ముందు వెళ్లమని చెప్పి నేనూ పక్కన కూర్చున్నాను.

ఒక ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొంగు సర్దుకుంటూ అంది, "అమ్మాయ్, నీకో మాట చెప్పాల. మీ బాబాయికి చెప్పమాక."

రొమ్ములో గడ్డ. నాట్లప్పుడు చేతికి తగిలిందట. అంటే ఆగస్టు, సెప్టెంబరు అనుకోండి. అప్పటికి ఆరు నెలలు!

"ఆరు నెలలా! ఎవరికీ చెప్పలేదా?"

"ఊళ్లో సూదిమందేసే ఆయన్నడిగితే కొవ్వు గడ్డ అన్నాడు. నొప్పి లేదుగా, ఏమవుద్దిలే అనుకున్నా. మాతకు చెప్పుకున్నా. తగ్గితే తలనీలాలిస్తానన్నా."

"మాతకు చెప్పావు సరే పిన్నీ, డాక్టరమ్మకు ఎప్పుడు చెబుతావు?"

"కోతలైపోయాక. ఇప్పుడు మానితే ముఠా చెదిరిపోద్ది. అయినా మగాళ్లకు చెప్పుకునే జబ్బా ఇది?"

చదువుతున్న మీకు కోపం వచ్చిందా? నాకూ వచ్చింది. కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే కోపం ఆవిడ మీద కాదు. మనలో ఎంతమందిమి ఇలా చేయడం లేదు? పిల్లాడికి జలుబు చేస్తే పరుగెత్తుతాం. మన ఒంట్లో గడ్డ ఉంటే పండుగ వెళ్లాక, పెళ్లి అయ్యాక, కోతలయ్యాక అంటాం. ఆ కొండ మీద ఆ ఉదయం కొవ్వొత్తి వెలిగించిన ఆడవాళ్లలో ఇంకా ఎంతమంది కొంగు చాటున ఇలాంటి రహస్యం మోస్తున్నారో!

పిన్ని చెయ్యి పట్టుకుని మెల్లగా సిలువ దాకా ఎక్కించాను. పైన గాలి చల్లగా వీస్తోంది. కింద రైలు పట్టాలు, బెజవాడ మేడలు. చాలాసేపు చూసి, దిగేటప్పుడు తనే అంది, "సోమవారం పోదాం పద."

మందూ, మొక్కూ

సోమవారం గుంటూరు వెళ్లాం. రొమ్ముకు ఎక్స్‌రే లాంటి మామోగ్రామ్ తీశారు, గడ్డలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. "నొప్పి లేదని ఊరుకున్నారా? మొదట్లో ఈ గడ్డలు చాలావరకూ నొప్పి పుట్టవమ్మా, అందుకే మోసపోతారు" అంది డాక్టరమ్మ. ఆపరేషనుతో, మందులతో లొంగే దశలోనే ఉందని ధైర్యం చెప్పింది. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదో ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు.

బాబాయికి నేనే చెప్పాను. ఆయన అరవలేదు, ఏడవలేదు. అరుగు మీద కూర్చుని, "నాతో చెప్పడానికి అంత మొహమాటమేంటే" అని ఒక్కమాట అన్నాడు. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషను జరిగింది. ఆ పథకాన్నే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మందుకు డబ్బు పెద్దగా కాలేదు కానీ, రానూపోనూ ఛార్జీలు, పోయిన కూలి తక్కువేమీ కాదు. ఆసుపత్రికి తోడు వెళ్లడానికి ముఠాలో ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. ఆ వేసవి ముఠా చెదరలేదు. పిన్ని భయపడ్డదొకటి, జరిగిందొకటి.

"దేవుణ్ని నమ్ముకున్నవాళ్లు మందులెందుకు?" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ప్రతి మతంలోనూ ఉంటారు. వాళ్లకు చెప్పడానికి రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. లూర్దులోనే 1883 నుంచి ఒక వైద్య కార్యాలయం ఉంది. "నాకు నయమైంది" అని వచ్చినవాళ్లను డాక్టర్లు అక్కడ పరీక్షిస్తారు. కోట్లమంది వెళ్లొచ్చిన ఆ చోట, అద్భుతాలని చర్చి ఇప్పటిదాకా ఒప్పుకున్నవి 70 పైచిలుకు మాత్రమే! మాతను చూసిన బెర్నదెత్ కూడా జబ్బుమనిషిగానే బతికి 1879లో, ముప్పై అయిదేళ్లకే చనిపోయింది. 1992లో పోపు రెండవ జాన్ పాల్ ఈ లూర్దు మాత పండుగ రోజునే రోగుల కోసం ప్రపంచ దినంగా ప్రకటించారు. అంటే ఆ రోజు రోగికోసం ప్రార్థించమనీ, రోగిని చూసుకునేవాళ్లను తలుచుకోమనీ. వైద్యం మానెయ్యమని కాదు.

రెండో సంగతి సముద్రం అవతలిది. మారిషస్ ద్వీపం గురించి వినే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు అక్కడున్నారు. ఉగాదికి ఆ దేశంలో సెలవు కూడా ఇస్తారు. ఆ ద్వీపంలో ఏటా సెప్టెంబరు 8 రాత్రి ఊళ్లకు ఊళ్లు నడిచి బయలుదేరతాయి. పోర్ట్ లూయీ దగ్గర సెంట్ క్రోయి అనే చోట ఉన్న ఫాదర్ లవాల్ సమాధి దగ్గరికి. క్రైస్తవులే కాదు, హిందువులు, ముస్లింలు కూడా ఆ నడకలో ఉంటారు. ఆ లవాల్ ఎవరో తెలుసా? ఫ్రాన్సులో పుట్టిన డాక్టరు! వైద్యం చేస్తూనే గురువు కావాలనుకుని, 1841లో ఆ ద్వీపానికి వచ్చి, అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డ పేదల మధ్య 1864లో చనిపోయేదాకా ఉండిపోయాడు. జనం పూజించే ఆ గురువు నాడి చూసిన చేతులవాడే. మందుకూ మొక్కుకూ పగ పెట్టింది మనమేనన్నమాట!

ఇవ్వడానికి జుట్టేదీ?

కీమో రెండో విడతకే పిన్ని జుట్టు ఊడటం మొదలైంది. మోకాళ్లు దాటే జడ ఉండేది ఆవిడకు. ఒక రోజు పొద్దున్నే దువ్వెన పట్టుకుని మా ఇంటికొచ్చింది. కళ్లల్లో నీళ్లు లేవు కానీ మొహం పాలిపోయి ఉంది.

"అమ్మాయ్, తలనీలాలిస్తానని మొక్కుకున్నాగదా. అమ్మకివ్వాల్సింది ముందే పోతంది. ఇప్పుడు మొక్కెట్టా తీరుద్ది?"

గడ్డ అని తెలిసినప్పుడు కంటతడి పెట్టని మనిషి, ఆపరేషనుకు నవ్వుతూ వెళ్లిన మనిషి, ఆ ఒక్కదానికి కుమిలిపోయింది. నేనేం చెప్పగలను? జుట్టు మళ్లీ వస్తుందిలే అన్నాను. ముఠాలో ఉన్న ముసలమ్మ, అదే, ఏ మొక్కూ లేకుండా కొండకు వచ్చినావిడ, ఇంకో మాట చెప్పింది: "బాకీ ఉండటం మంచిదేనే. బాకీ తీర్చేదాకా నువ్వు బతకాలిగా!" పిన్ని ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఆరు విడతలూ అయ్యేదాకా నలతగా ఉన్నప్పుడల్లా ఆ మాటే అనుకునేది. "అమ్మకు బాకీ ఉన్నా."

మందులు ఆపాక నాలుగైదు నెలలకు తలమీద నూగు లాగా మొదలై, రెండు వేళ్ల పొడుగు వచ్చింది. విచిత్రం, ఎప్పుడూ లేనిది ఉంగరాలు తిరిగి వచ్చింది! అద్దంలో చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. మా ఇళ్ల ఆడవాళ్లమంతా "ఈ ఏటికి వద్దు పిన్నీ, కాస్త పెరగనీ" అని బతిమాలాం. వింటేగా!

2024 ఫిబ్రవరి 11, ఆదివారం. మాత విగ్రహం పెట్టి నూరేళ్లు నిండిన ఏడాది. జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. అదే వ్యాను, అదే కరకట్ట, అదే బ్యారేజి. ఈసారి వెంట బాబాయి కూడా ఉన్నాడు. పిన్ని తలనీలాల వరసలో కూర్చుంటే, క్షురకుడు ఆ పొట్టి ఉంగరాల జుట్టు చూసి, "ఇంతేనా అమ్మా?" అన్నాడు. "ఇదే ఎక్కువ నాయనా, నువ్వు కానీ" అంది పిన్ని. రెండు నిమిషాల్లో అయిపోయింది. గుప్పెడు కూడా లేదు. తలకు పసుపు, గంధం రాసుకుని మెట్లెక్కింది. నాలుగో ఘట్టం దగ్గర ఈసారి ఆగలేదు. మేమే వెనకపడ్డాం.

గుహ దగ్గర ఒక్క కొవ్వొత్తే వెలిగించింది. "పోయినేడు మూడు ఎవరికి పిన్నీ?" అని మళ్లీ అడిగాను. "ఒకటి కూతురి పెళ్లికి, ఒకటి మీ బాబాయికి, ఒకటి ముఠాకి" అంది. చూశారా, గడ్డ పెట్టుకుని కొండెక్కిన మనిషి తన కోసం ఒక్కటీ వెలిగించుకోలేదు! "మరి ఈ ఏటిది?" అంటే, తల తడుముకుని నవ్వింది. "ఇది నాకు."

మీరు వెళ్లేటప్పుడు...

తిరునాళ్ల మూడు రోజులూ రద్దీ విపరీతం. పసిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వెంట ఉంటే మామూలు రోజుల్లో వెళ్లండి. అప్పుడు గుహ దగ్గర తీరిగ్గా కూర్చోవచ్చు.

ఎండ ఎక్కకముందే కొండ ఎక్కేయండి. పైకి ఎక్కలేనివాళ్లు గుహ దాకా వెళ్లి ఆగినా యాత్ర పూర్తయినట్టే. పట్టుదలకు పోకండి.

వ్యాను ఖర్చు ఎందుకనుకుంటే బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ బస్టాండులో దిగితే ఏలూరు రోడ్డు మీదుగా వెళ్లే సిటీ బస్సులు గుణదల చేరుస్తాయి.

బంగారం ఇంట్లోనే పెట్టి వెళ్లండి. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

మొక్కుకునేటప్పుడు అప్పు చేసి తీర్చాల్సినవి మొక్కుకోకండి. కొవ్వొత్తి చాలు.

మిరప కోతల నుంచి నేరుగా వస్తున్నవాళ్లు చేతుల మంటకు ముందు నూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కోండి. ఆ చేతులతో పిల్లల కళ్లు తుడవకండి.

సాయంత్రం దాకా నిలిచే పులిహోర

ఎనిమిదిమందికి కిలో బియ్యం, నూటయాభై గ్రాముల చింతపండు, రెండువందల గ్రాముల నువ్వులనూనె లేక వేరుశనగనూనె చాలు. అన్నం పలుకుగా వండి, పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే పసుపు, రెండు గరిటెల నూనె, కరివేపాకు కలిపి పూర్తిగా చల్లారనివ్వాలి. చింతపండు చిక్కగా పిసికి, పచ్చిమిరపకాయ చీలికలు, ఉప్పు, కొంచెం బెల్లం వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. ఇక్కడ తొందరపడితే మధ్యాహ్నానికే పాడవుతుంది. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, వేరుశనగ గుళ్లు, ఎండుమిరపకాయలు, ఇంగువ పోపు పెట్టి, రెండూ తడి తగలని చేత్తో కలపాలి. ఉల్లి, కొబ్బరి వద్దు. మూత బిగించేముందు ఆవిరి పూర్తిగా పోవాలి.

పెరుగన్నం తీసుకెళ్లేవాళ్లు మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు రెండు చెంచాలే కలపండి. తినేవేళకు సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. నంజుకోవడానికి చల్లమిరపకాయలుంటే చెప్పేదేముంది!

చివరగా ఒక్కమాట

నెలకోసారి, నెలసరి అయిన వారం పది రోజులకు, స్నానం చేసేటప్పుడు వేళ్లతో రొమ్ములు, చంకలు తడిమి చూసుకోండి. నెలసరి ఆగిపోయినవాళ్లు ఏదో ఒక తేదీ పెట్టుకోండి. గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కనిపించినా వారంలోగా డాక్టరుకు చూపించండి. నొప్పి లేదని ఊరుకోకండి. అన్ని గడ్డలూ క్యాన్సర్ కావు. కానీ ఆ సంగతి తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు.

మా పిన్ని ఇప్పుడు ఆర్నెల్లకోసారి పరీక్షకు వెళుతోంది. ముఠా బాధ్యత మళ్లీ ఆవిడదే. కొత్తగా ముఠాలో చేరే ప్రతి అమ్మాయినీ పక్కకు పిలిచి, కాయలు ఎలా కోయాలో చెప్పేముందు ఈ తడిమి చూసుకునే సంగతి చెబుతుంది. మొహమాటమా? ఇప్పుడావిడకు ఏ కోశానా లేదు. వచ్చే ఫిబ్రవరికి వ్యాను ఇప్పటికే మాట్లాడి పెట్టింది. పులిహోర మాత్రం నా వంతేనట.

మీ ఊరి నుంచి మీరూ బయలుదేరండి. కొండ మీద మాతకు చెప్పుకోవాల్సింది చెప్పుకోండి. పక్కన కూర్చున్న మనిషికి చెప్పాల్సింది కూడా దాచుకోకుండా చెప్పండి. ఒక కొవ్వొత్తి మాత్రం మీ కోసం వెలిగించుకోవడం మరిచిపోకండి, ఏం?